దూరమున నున్నవారి ఊరు



పల్లెలో నొకనిని "నీ వెవ్వరివాడవు?" అని యడిగినచో తండ్రి పేరో వీధి పేరో చెప్పును. ఊరి పేరు చెప్పడు. చెప్పవలసిన పని లేదు. పట్టణమునకు పోయిననాడు ఊరి పేరు వాని నోట వచ్చును. రాజధానికి పోయినచో జిల్లా పేరు చెప్పుకొనును. దూరము పెరిగినకొలది "మనవాడు" అను మాట విశాలమగుచుండును. ఇచ్చట గట్టు తగవుతో మాటలు మానిన యిరువురు అచ్చట నొక్క పొయ్యిమీద వండుకొందురు.

ఇందులకు కోరంగియే సాక్ష్యము. కాకినాడకు చేరువ నున్న యీ రేవును 1839వ సంవత్సరపు ఉప్పెన పాడుచేసెను. నేడది మనకొక చిన్న గ్రామము. అయినను బర్మాలోను మారిషసులోను తెలుగువానికి "కోరంగి" యను పేరు పడినది. వారిలో ననేకులు నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాలవారు, కోరంగివారు కారు.

మారిషసు ద్వీపమునకు 1834 మొదలుకొని 1920 వఱకు చెఱకుతోటల పనికై సుమారు 5 లక్షల కూలీలు ఒడంబడికపై పోర్ట్ లూయీ రేవున దిగిరి. అందు బీహారు ప్రాంతమువారే హెచ్చు, తెలుగువారు కొలదిమంది. వారి సంతతికి నేడు ఇంటి మాట క్రియోలు. అయినను సింహాద్రి అప్పన్నకు గుడులు కట్టుకొనిరి, రామభజనము విడువలేదు, ఉగాది యచ్చట సెలవుదినము. అమ్మవారి పండుగను వారు "అమ్మోరు పండుగ" యందురు. వ్యాకరణము చెప్పిన నావంటి పంతులునకు ఆ మాటను దిద్దవలెనని చేయి దురదపెట్టును. దిద్దరాదు. అది పుస్తకములో నేర్చినది కాదు. పల్లెలో తాతమ్మ పలికిన పలుకు ఓడలో వెంటబోయినది.

ఇక నా మనవి. ఆ వచ్చినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ వ్రాసిన దస్తరములు మోకా యను చోట మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. వాని యాధారమున మునిమనుమలు కొందఱు పూర్వుల యూరు వెదకుచు భారతదేశమునకు వచ్చుచున్నారు. కాని యా యూరి పేరు గుమాస్తా చెవికి తోచినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసినది. అందు తకును టకును భేదము లేదు, హ్రస్వదీర్ఘములు తెలియవు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో "పేట", "పాలెము", "వలస" యని ముగియు నూళ్లు లెక్కకు మిక్కిలి. (వలసపోయినవాని యూరి పేరే వలస!) అట్టి పేరు ఏ యూరిదో పటమునుబట్టి తేల్చుట కష్టము. మీవంటివారు తేల్చగలరు.

కావున మీ గ్రామమునకును శివారులకును పూర్వము వాడుకలోనున్న పేరులను, పలికినది పలికినట్లే, ఒక పుస్తకమున వ్రాసి బడిలో నుంచుడు. ఓడ యెక్కి మరలిరాని వారని మీ యిండ్లలో చెప్పుకొను పేరులును చేర్చుడు. ఇచ్చటి ఆస్తి పంపకములలో వారి పేరు తీసివేసియుండవచ్చును. ఈ పుస్తకమునకు దానితో పని లేదు. వెదకుచు వచ్చినవాడు తెలుగున మాటాడలేకపోవచ్చును. అప్పన్న పేరు చెప్పినచో అరుగుమీద కూర్చుండబెట్టి, ఆ పాత పేరులు ఒక్కొక్కటిగా మెల్లగా చదివి వినిపింపుడు.