తీగ విప్పవలసిన వేళ

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ రోజు ఒక చిన్న చెట్టును గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. బోన్సాయ్ అనే మాట మీరు వినే ఉంటారు. పళ్లెం వంటి తొట్టిలో నాటినది అని జపాను భాషలో దాని అర్థము. అది పొట్టి జాతి చెట్టు అని చాలామంది అనుకుంటారు. కాదండి. మన పుంగనూరు ఆవు పుట్టుకతోనే పొట్టి జాతి, ఎంత మేపినా సుమారు మూడడుగులే. బోన్సాయ్ అలాంటిది కాదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాలు పరచుకొని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అదే జాతి మర్రిని తొట్టిలో కత్తిరిస్తూ పెంచితే అడుగు ఎత్తులో నిలుస్తుంది. విత్తనములో లోపం లేదు. తొట్టి, కత్తెర, తీగ, ఈ మూడూ మనుష్యుని చేతిలోనివి.

రెండేళ్ల క్రితం నేనూ సరదాపడి మదనపల్లెలో మూడు లేత ఫైకస్ మొక్కలు కొన్నాను. మొదటిదానిని నా గదిలో బల్లమీద పెట్టుకొని, ప్రతి ఉదయం ప్రార్థన కాగానే నీళ్లు పోశాను. నెలన్నరకు ఆకులన్నీ రాలిపోయాయి. నర్సరీకి తీసుకువెళ్తే ఆయన కుళ్ళిన వేళ్లు చూపించి, “అయ్యగారూ, ఇది ఎండలో బతికే చెట్టు. పైమన్ను ఆరిందో లేదో వేలు పెట్టి చూసినాక నీళ్లు పోయాల. మీరు గడియారం చూసి పోసినారు” అన్నాడు.

రెండవదానిని తొందరపడి వెంటనే పళ్లెంలోకి మార్చాను. ఏడాది గడిచినా దాని కాండం పెన్సిలంత లావే. లేత మొక్కను మొదట నేలలోనో పెద్ద కుండీలోనో తనంత తాను పెరగనివ్వాలి. వేళ్లు, ఆకులు విస్తరిస్తేనే కాండం లావెక్కుతుంది. పళ్లెం ఆ తరువాత సంగతి.

మూడవదానిని పెద్ద కుండీలో, నీరు నిలవకుండా ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, మాగిన పశువుల ఎరువు కలిపి పెంచాను. చక్కగా ఎదిగింది. కొమ్మను వంచడానికి అల్యూమినియం తీగ చుట్టాను. తీగ కొమ్మకు కొత్త వంపును అలవాటు చేస్తుంది. అయితే కొమ్మ లావెక్కి తీగ బిగుసుకోకముందే దానిని కత్తిరించి తీసేయాలి. వానలు పడ్డాక ఫైకస్ తొందరగా పెరుగుతుంది. నేను కూటముల పనిలో పడి రెండు నెలలు అటు చూడలేదు. చూసేసరికి తీగ బెరడులోకి దిగిపోయింది.

ఆ దసరాకు మా అబ్బాయి హాస్టలు నుండి ఇంటికి వచ్చాడు. ఇంటర్ రెండవ సంవత్సరం. మాట తగ్గిపోయింది, మనిషి చిక్కిపోయాడు. ఆ చెట్టు దగ్గర కూర్చొని, గాయం మీద వేలు పెట్టి, “నాన్నా, తీగ ఎప్పుడు విప్పాలో ఎట్లా తెలుస్తుంది?” అని అడిగాడు.

“దగ్గరుండి రోజూ చూస్తుండాలి నాయనా” అన్నాను. ఆ మాట నా నోటిలో ఉండగానే నా గుండెలో గుచ్చుకున్నది. ప్రతి ఆదివారము నేను వాడికి ఫోను చేసేవాడిని. మొదటి ప్రశ్న మార్కులు, చివరి ప్రశ్న ర్యాంకు. అన్నం తింటున్నావా, నిద్రపోతున్నావా అని అడిగిన జ్ఞాపకం నాకు లేదు. గడియారం చూసి నీళ్లు పోసినవాడిని కొడుకు దగ్గర కూడా నేనే.

ప్రియులారా, క్రమశిక్షణ వద్దని నేను చెప్పడం లేదు. తండ్రి ఫలించే తీగెను మరి ఎక్కువగా ఫలించాలని బాగుచేస్తాడని యోహాను సువార్త 15వ అధ్యాయములో ప్రభువే సెలవిచ్చాడు. కాని లూకా 13వ అధ్యాయములోని తోటమాలిని గమనించండి. యజమాని మూడేండ్లు వచ్చి అంజూరపు చెట్టుకు పండ్లు వెదికాడు, లేకపోతే నరికివేయమన్నాడు. తోటమాలి మాత్రం చుట్టు త్రవ్వి ఎరువు వేస్తానని మరొక్క యేడు గడువడిగాడు. దినదినము ఆ చెట్టు దగ్గరే ఉన్నవాడు గనుక అలా అడగగలిగాడు. తండ్రులు పిల్లలకు కోపము రేపకూడదని ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయములో పౌలు హెచ్చరించినది నా వంటి వారి కొరకే.

ఆ రాత్రి నేను నా కుమారుని క్షమాపణ అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వాళ్ల అమ్మ ఒడిలో తల పెట్టుకొని ఏడ్చాడు. చదువు మానలేదు, హాస్టలు మానాడు. ఇంటి నుండే కాలేజీకి వెళ్లాడు. ఆ కొమ్మ మీద మచ్చ ఈనాటికీ ఉన్నది, చిగుళ్లు కూడా వస్తున్నాయి.

తండ్రీ, తల్లీ, ఈ వారము మీ బిడ్డను మార్కుల కాగితములో కాక ముఖములో చూడండి. మీరు చుట్టిన తీగ ఏదైనా బిగుసుకున్నదేమో పరీక్షించుకోండి. బిడ్డలారా, నొప్పి కలిగితే దాచుకోకండి, మీ పెద్దలతో చెప్పండి.

ప్రార్థన చేద్దాము. కృపగల తండ్రీ, మా చేతులకు అప్పగించిన లేత ప్రాణములను ఓర్పుతో పెంచే మనస్సును మాకు దయచేయుము. మా తొందరపాటువలన కలిగిన గాయములను మాన్పుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.