కాస్త కూచుని వెళ్ళమ్మా



ఈవేళ పేరంటం గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. పేరంటం గురించి కొత్తగా చెప్పేదేముంది, మాకు తెలియనిదా అంటారేమో. నిజమే. నాకూ తెలుసుననే అనుకున్నాను, కిందటేడు శ్రావణమాసం దాకా.

మాది విజయవాడలో ఐదంతస్తుల అపార్టుమెంటు. వరలక్ష్మీ వ్రతం నాడు అందరిళ్ళలోనూ పూజే, అందరిళ్ళలోనూ పేరంటమే. పూర్వం ఆడపిల్లల చేతికి కుంకుమ భరిణె ఇచ్చి, ఇంటింటికీ పంపి, బొట్టు పెట్టి పిలిపించేవారు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఒక్క కబురు పెడితే అందరికీ ఒకేసారి చేరిపోతుంది: "సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు తాంబూలానికి రండి" అని. నాకు ఆ రోజు పదకొండు పిలుపులు వచ్చాయి. మా ఇంటికి వచ్చేవాళ్ళ కోసం మా ఆడపడుచుని కూచోబెట్టి, నేను సంచీ పట్టుకుని బయల్దేరాను. గంటన్నరలో పదకొండు ఇళ్ళు! లెక్క వేసుకోండి, ఇంటికి ఎనిమిది నిమిషాలు. లిఫ్టు కోసం నిలబడడం, చెప్పులు విప్పడం, అమ్మవారికి దణ్ణం పెట్టుకోవడం అన్నీ అందులోనే.

మూడో అంతస్తులో ఒక మామ్మగారు ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. నేను వెళ్ళేసరికి పీట వేసి, పసుపు గిన్నె పక్కన పెట్టుకుని ఉన్నారు. "కూచో అమ్మాయ్, కాళ్ళకి పసుపు రాస్తాను" అన్నారు. నేను గోడ గడియారం కేసి చూశాను. "మామ్మగారూ, ఇంకా నాలుగిళ్ళున్నాయండీ. ఈసారికి బొట్టు పెట్టి ఇచ్చెయ్యండి, మళ్ళీ తీరిగ్గా వస్తాగా" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. తాంబూలం, శనగలు చేతిలో పెట్టారు. గుమ్మం దాకా వచ్చి, "నీతో ఒక మాట చెబుదామనుకున్నానే" అన్నారు. "రేపు వస్తానండీ" అంటూ లిఫ్టులో దూరాను.

ఆ రేపు పది రోజులైనా రాలేదు. పదకొండో రోజున చూస్తే ఆ ఇంటికి తాళం!

వాచ్‌మన్ భార్య చెప్పింది. "మీకు తెలవదా అమ్మగారూ? ఇల్లు అమ్మేశారుగా. తాతగారికి ఒంట్లో బాగోటల్లేదు, పిల్లలేమో దూరాన ఉన్నారు. గుంటూరు దగ్గర పెద్దోళ్ళుండే ఆశ్రమంలో చేరారు. వరలక్ష్మి పూజ ఇక్కడే చేసుకుని వెళ్దామని ఆగారంట" అంది.

పన్నెండేళ్ళు ఒకే మెట్లు ఎక్కి దిగిన నాకు తెలియని సంగతి ఆమెకి ఎలా తెలిసింది? రోజూ పొద్దున్నే పాల పాకెట్లు ఇవ్వడానికి వెళ్ళి, ఆ గుమ్మంలో పది నిమిషాలు చతికిలబడేది. అంతే, ఇంకే విద్యా లేదు.

అప్పుడు నాకు ఆ పసుపు గిన్నె గుర్తొచ్చింది. నిలబడ్డ మనిషి కాళ్ళకి పసుపు రాయడం కుదరదు. రాయించుకునేవాళ్ళు కూచోవాలి, రాసేవాళ్ళు వంగాలి. తడి ఆరకుండా లేచి నడిస్తే గచ్చంతా అచ్చులు పడతాయి, కాబట్టి కాసేపు ఆగాలి. వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చానమ్మా అని ఒకరు, పుచ్చుకున్నానమ్మా అని ఒకరు మూడేసి సార్లు అనుకోవాలి. ఈ ఆలస్యంలోనే కూతురి సంబంధం సంగతి, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, అబ్బాయి పరీక్ష తప్పిన సంగతి బయటికొస్తాయి. ఆ ఆలస్యాన్ని తీసేసి, మనం శనగల పొట్లాం మాత్రం ఉంచుకున్నాం.

ఏం చెయ్యమంటారు, తీరికేదీ అంటారు. నేనూ అదే అనేదాన్ని. మా అమ్మ రుబ్బురోలు దగ్గర గంటసేపు కూచుని రుబ్బిన పిండి నేను గ్రైండరులో వేసి మీట నొక్కుతున్నాను. ఆ రోజులే బంగారమని అనను సుమండీ. ఆవిడ భుజం నొప్పి ఆవిడకే తెలుసు. యంత్రాలు వచ్చి మనకి మేలే చేశాయి. కాని మిగిలిన ఆ గంట ఏ డబ్బాలో దాచానో వెతికితే కనిపించలేదు. నిజాయితీగా చెప్పాలంటే చాలా భాగం సెల్‌ఫోనులోనే ఉంది. ఎవరింట్లోనో వండిన గుత్తొంకాయ కూర ఫోనులో చూసి మెచ్చుకుంటాను; ఎదురింటావిడ ఈ పూట అన్నం తిన్నారో లేదో నాకు తెలియదు.

ఇది మన వీధి సంగతే కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఒక నివేదికలో చెప్పింది. ఒంటరితనం మనసుకే కాదు, గుండెకి కూడా చేటేనట. ఆ లెక్కన నేను పరుగెత్తిన పదకొండు గడపల్లోనూ ఒకరిద్దరైనా ఉండే ఉంటారు కదా.

వినాయక చవితి వెళ్ళాక గుంటూరు బస్సెక్కి మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. నిష్ఠూరమాడతారనుకున్నాను. ఆడలేదు. పీట లేదు గాని, మంచం మీద కూచోబెట్టి కాళ్ళకి పసుపు రాశారు. "ఆ రోజు ఏం చెబుదామనుకున్నారు మామ్మగారూ?" అని అడిగాను. "ఏముందే! మీ బాల్కనీలో పొద్దుటెండ బాగా పడుతుంది. నా తులసి మొక్క నీకిచ్చి వెళ్దామనుకున్నాను. నువ్వు హడావిడిలో ఉన్నావు. ఆ వాచ్‌మన్ పిల్లకి ఇచ్చి వచ్చాను" అన్నారు.

ఇంటికి రాగానే వెళ్ళి చూశాను. మెట్ల కింద గదిలో ఎండ ఎక్కడ పడుతుంది? పాపం, ఆ పిల్ల నీళ్ళు పోస్తూనే ఉంది గాని మొక్క అప్పటికే ఎండిపోయింది. ఎండిన వెన్నులు దులిపి, ఆ విత్తులు మా కుండీలో చల్లాను. కొన్ని మొలిచాయి. మొలిచాయి కదా అని నా తప్పు ఒప్పయిపోదు.

ఈ ఏడు మా అపార్టుమెంటులో ఆడవాళ్ళం ఒక ఏర్పాటు చేసుకున్నాం. శ్రావణంలో నాలుగు శుక్రవారాలూ ఉండగా అందరం ఒక్కరోజే ఎందుకు పరుగెత్తాలి? వ్రతం ఎవరింట్లో వాళ్ళు ఆ రోజే చేసుకుని, పేరంటం మాత్రం వారానికి మూడిళ్ళ చొప్పున పంచుకున్నాం. సెల్‌ఫోను ఇంట్లో వదిలి వెళ్ళాలి. వెళ్ళిన చోట కూచోవాలి. "బాగున్నారా?" అని అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టమని తేలింది!

ఇంకో మాట. పేరంటానికి పిలుపు రాని ఆడవాళ్ళు కూడా మన చుట్టూ ఉంటారు. వాళ్ళ గుమ్మంలో పది నిమిషాలు కూచోవడానికి పండగ రానక్కర్లేదు, పసుపు గిన్నె అక్కర్లేదు.

పొయ్యి మీద కూర మాడుతూంటే ముందు అది దింపండి. ఆ తరవాత మాత్రం, "నీతో ఒక మాట చెబుదామనుకున్నాను" అని మీతో ఈమధ్య ఎవరన్నారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. రేపటి దాకా ఆగకండి.

సెలవు.