ఎక్స్‌రే గదిలో చెప్పవలసిన మాట



మా ఎదురింటివారి కోడలికి ఆ మధ్య దగ్గు పట్టుకుంది. మూడు వారాలైనా తగ్గకపోయేసరికి డాక్టరుగారు ఛాతీకి ఎక్స్‌రే తీయించమన్నారు. తీసే అతను "కడుపుతో ఏమైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడట. వెనకాల నలుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఈ అమ్మాయికి నెల తప్పి ఇరవై రోజులయింది. మూడో నెల వచ్చేదాకా పైకి పొక్కనివ్వొద్దని అత్తగారి ఆంక్ష. తల అడ్డంగా ఊపేసింది. ఇంటికొచ్చాక మొదలయింది దిగులు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడోనాడు మా ఇంటికొచ్చి, "పిన్నిగారూ, ఇది ఉంచుకోవచ్చా, తీయించేసుకోవాలా?" అంది.

దానికి జవాబు చెప్పాలంటే ఆ కిరణం మన ఒంట్లో ఏం చేస్తుందో కాస్త తెలియాలి.

మన శరీరంలో ప్రతి కణంలోనూ ఎక్కువ భాగం నీళ్లే. ఎక్స్‌రే కిరణం దూసుకుపోతూ దారిలో తగిలిన నీటి అణువును చీలుస్తుంది. అణువులో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా ఉంటాయి. చీలిన ముక్కలో ఒకటి జంట లేకుండా మిగిలిపోతుంది. అలాంటి ముక్కనే ఫ్రీ రాడికల్ అంటారు. వీటిలో హైడ్రాక్సిల్ అనేది మహా దుడుకుది. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు ఉంటుందేమో, అంతే. ఆ లోపునే పక్కనున్న దేన్నో పట్టుకుని తనకు కావలసింది లాక్కుంటుంది. ఆ పక్కనున్నది డి.ఎన్.ఎ. అయితే వచ్చింది చిక్కు. ఎక్స్‌రేల వల్ల డి.ఎన్.ఎ.కు జరిగే హానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ నీటి ముక్కల పనే. ప్రాణం నిలిపే నీళ్లే ఇలా ఎదురు తిరగడం నాకైతే మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

డి.ఎన్.ఎ. అంటే రెండు పేటల గొలుసు అనుకోండి. ఒక పేట తెగితే, కణంలోనే ఉన్న మరమ్మతు ఏర్పాటు రెండో పేటను చూసి బాగుచేసేస్తుంది. ఇది రోజూ జరిగేదే. మనం తిన్న తిండి శక్తిగా మారేటప్పుడు కూడా కొన్ని రాడికల్స్ పుడుతూనే ఉంటాయి. రెండు పేటలూ ఒకేచోట తెగితే మాత్రం చూసి సరిచేయడానికి చాలాసార్లు ఏమీ ఉండదు. కొసలు ఎలాగో అతుకుతాయి గానీ, అతుకులో అక్షరాలు తారుమారు కావచ్చు. అత్తగారి ఆవకాయ కొలతలు ఎత్తి రాసుకుంటూ ఉప్పు గిద్దెడు అనే చోట సోలెడు అని రాశామనుకోండి. మన పుస్తకం చూసి రాసుకున్న కూతురూ, మనవరాలూ అదే రాస్తారు కదా! కణం రెండుగా చీలినప్పుడల్లా ఆ తప్పూ అలాగే సంక్రమిస్తుంది. దీన్నే మ్యుటేషన్ అంటారు. చాలా తప్పులవల్ల ఏమీ కాదు. కణం చచ్చిపోతే అదీ ఒక విధంగా నయమే. పెరుగుదలను అదుపులో పెట్టే చోట తప్పు పడి, కణం బతికి ఉంటేనే భయం. ఏళ్లు గడిచాక క్యాన్సర్‌కు అది ఒక మెట్టు కావచ్చు. ఎక్స్‌రేలు ఇలా మార్పులు తెస్తాయని 1927లో హెర్మన్ ముల్లర్ చిన్న పండు ఈగల మీద చూపించి, 1946లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈగల సంగతి సరే, మనుషుల సంగతి బయటపెట్టింది ఒక స్త్రీ. ఇంగ్లండులో డాక్టర్ ఆలిస్ స్టీవర్ట్. పిల్లల్లో ల్యుకీమియా ఎందుకొస్తోందో తెలుసుకోవాలని, డాక్టర్లకు గుర్తులేనిది తల్లులకు గుర్తుంటుందని, తల్లులనే అడిగించింది. 1956లో మొదటి ఫలితాలు, 1958లో పూర్తి వివరాలు వెలువడ్డాయి. క్యాన్సర్‌తో పోయిన పిల్లల తల్లుల్లో, గర్భంతో ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు మిగతా తల్లుల కంటే సుమారు రెట్టింపు ఉన్నారు. తల్లుల జ్ఞాపకాన్ని ఏం నమ్ముతామని చాలామంది పెదవి విరిచారు. 1962లో అమెరికాలో మాక్‌మాన్ అనే ఆయన ఆసుపత్రి రికార్డులే తిరగేస్తే, అక్కడా ముప్పు పెరిగినట్టే తేలింది.

ఇక మా ఎదురింటి అమ్మాయి మాట. ఆ తల్లులకు కిరణం పడింది పొట్ట మీద. పైగా రెట్టింపు అన్నది బహు అరుదైన జబ్బుకు రెట్టింపు. ఛాతీ ఎక్స్‌రేలో గర్భానికి చేరేది లెక్కలోకి రానంత స్వల్పం. అసలు ఆ ఒక్క ఫిల్ముతో మనకు అందేదే, నేల నుంచీ ఆకాశం నుంచీ కొద్ది రోజుల్లో మామూలుగా అందేటంత. డాక్టరమ్మగారు కూడా ఇదే చెప్పి, "తీయించుకోవడమేమిటి, హాయిగా ఇంటికెళ్లి భోంచెయ్యి" అని పంపించారు. పొట్టకు తీసే సి.టి. స్కాన్ వేరు. అది ఛాతీ ఎక్స్‌రేకి వంద రెట్లు పైమాటే కాబట్టి, దానిముందు తప్పకుండా చెప్పాలి. గర్భిణులకు మామూలుగా తీసే అల్ట్రాసౌండ్‌లో ఈ కిరణాలే లేవు, వాడేది శబ్ద తరంగాలు. అలాగని భయపడి, అవసరమైన ఎక్స్‌రే మానేసి, లోపల క్షయ ఉంటే దాన్ని దాచుకోవడం తల్లికీ బిడ్డకీ ఎక్కువ ప్రమాదం. నలుగురిలో నోరు విప్పలేకపోతే, చీటీ మీద ఆఖరుసారి బయటున్న తేదీ రాసి అందించినా చాలు.

ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, బాగుంది. మొన్న రెండో కోడలిని పంటి ఎక్స్‌రేకి తీసుకెళ్లిన అత్తగారు, అతను అడక్కముందే గుమ్మంలోంచి "మా పిల్లకి రెండో నెలండీ!" అని కేకేశారట. సెలవు.