గురికి ఊతము

జాతరలో గాలితుపాకితో బుడగను కొట్టలేని పిల్లవానిని చూచి, కన్ను మంచిది కాదని నవ్వుదుము. తప్పు తరచుగా కంటిది కాదు, ఊతముది.

ముప్కాల్ చేలలో నేల ఎగుడుదిగుడైనను, మూడు రాళ్ల పొయ్యిపై కుండ ఒరుగునేమో గాని ఊగదు. దూరపు రైఫిలు పోటీలలో తుపాకి ముందుభాగమును ముక్కాలి ఊతముపై ఆన్చి, మడమ క్రింద ఇసుకసంచి నుంచుట ఇందులకే. ఆ రెండు ఊతముల నడుమ 60 సెంటీమీటర్లున్నచో, ఊపిరికి మడమ 1 మిల్లీమీటరు కదలినను 600 మీటర్ల దూరమున గుండు 1 మీటరు తప్పును.

ఒలింపిక్ రైఫిలు పోటీలలో ముక్కాలికి అనుమతి లేదు. 2012లో లండనున 10 మీటర్ల పోటీలో కాంస్యపతకమందిన హైదరాబాదు గగన్ నారంగ్ నిలుచుండి, మోచేతిని తన ప్రక్కకు ఆన్చియే కాల్చెను.

పిల్లవాని చేతికి తుపాకి నిచ్చునపుడు, మోచేయి దేనిపై ఆనినదో మనము మొదట చూతము.