మళ్ళీ కుంచె పట్టిన వేళ
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల స్కాలర్‌షిప్పులు, పేదింటి పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునే సభలో బొమ్మల గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చును. మాకూ అనిపించింది. అయినా పది నిమిషాలు ఇచ్చారు గనుక చెబుతున్నాము.

మేము నలుగురం ఉద్యోగాలూ వ్యాపారాలూ చాలించినవాళ్ళం. బడిలో డ్రాయింగు మాస్టరుగారు భుజం తడితే పొంగిపోయినవాళ్ళమే. ఒకరు లోయర్ పరీక్ష కూడా ప్యాసయ్యారు. ఆ తర్వాత సంసారం, పిల్లల చదువులు, అప్పులు. నలభై ఏళ్ళు కుంచె ముట్టలేదు. క్రిందటేడు ఒక మనుమడు పారేసిన రంగుల పెట్టెతో మళ్ళీ మొదలైంది. మొదటి బొమ్మ మన బాహుదా ప్రాజెక్టు కట్ట. అది కట్టో కొండచిలువో ఇంట్లో ఎవరికీ తెలియలేదు! నవ్వారు. "ఈ వయసులో ఇదేం పని?" అన్నారు. మాలో ఒకాయన నొచ్చుకుని రంగులు అటకెక్కించేశారు. ఇప్పుడు ముగ్గురమే మిగిలాము.

ఆయనకు మేము చెప్పే సంగతి ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు గారు మదనపల్లె వచ్చి, బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉన్నారు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఇది మనకందరికీ తెలిసిందే. అప్పటికాయనకు 57 ఏళ్ళు, నోబెల్ బహుమతి వచ్చి ఐదేళ్ళు దాటింది. చిత్రకారుడని మాత్రం ఎవరూ అనుకోలేదు. చిన్నప్పుడు డ్రాయింగు నేర్చుకున్నారు. 1900లో మళ్ళీ బొమ్మలు వేయబోయి, పెన్సిలు కన్నా రబ్బరుకే పని ఎక్కువగా ఉందని జగదీశ్ చంద్ర బోసు గారికి జాబు వ్రాశారు. 1924లో అర్జెంటీనాలో ఉన్నప్పుడు, పద్యాల్లో కొట్టివేసిన గీతలనే కలుపుకుంటూ పోతే పక్షులూ మృగాలూ తయారయ్యాయి. ఆ పుస్తకం చూసిన విక్టోరియా ఒకాంపో అనే ఆవిడే 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టించారు. అప్పుడు టాగూరు గారికి దాదాపు 69 ఏళ్ళు. పోయేలోగా రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు. మన మిత్రుడికి ఇంకా 66 ఏళ్ళే.

ఇక మస్జిద్ దగ్గర కొందరు పెద్దలు అడిగిన మాట. జీవుల రూపాలు గీయవచ్చునా? ఇది నవ్వి తోసేసే ప్రశ్న కాదు. గీయక తప్పదంటే చెట్లను, ప్రాణం లేనివాటిని గీసుకొమ్మని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక చిత్రకారుడికి చెప్పినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. మాకు అది చాలు. చింతచెట్లున్నాయి, గుట్టలున్నాయి, చెరువులున్నాయి, టమాటా తోటలున్నాయి. ఎన్నాళ్ళు గీసినా తరిగేవి కావు. పైగా చేయి వణికితే చింతాకు ఇంకా బాగా వస్తుంది!

మాలో ఒకరికి కంటి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక కొండల వైపు చూసి, "ఇంత నీలమా!" అని కాసేపు మాట్లాడలేదు. శుక్లం పట్టిన కన్ను నీలాన్ని మింగేసి అంతా పసుపుగా చూపిస్తుంది. ఫ్రాన్సు చిత్రకారుడు మోనే గారు కూడా 1923లో, 82 ఏళ్ళ వయసులో ఆ ఆపరేషన్ చేయించుకుని, తామరల చెరువు బొమ్మలను మళ్ళీ ముందేసుకుని దిద్దుకున్నారు. మా వాడు వెనకటి బొమ్మలన్నీ తిరగవేస్తున్నాడు. కాగితాల ఖర్చు పెరిగిందని ఇంట్లో గొడవ, అది వేరే సంగతి.

అసలు మనవి ఇది. ఇళ్ళల్లో వరండా మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళంతా నవ్వుతారు. ఆదివారం మధ్యాహ్నం జొహర్ తర్వాత అసర్ వరకు సొసైటీ హాలు ఖాళీగానే ఉంటుంది. అది మాకు ఇప్పించండి. మెహందీ, కుట్లలో చేయి తిరిగిన ఒక సోదరి, "మేమూ రావచ్చునా అన్నా?" అని అడిగారు. వారికి ఉదయం వేళ వేరుగా ఇస్తే సంతోషం. కాగితాలు, రంగులు మేమే తెచ్చుకుంటాము. నేల మీద మరకలు పడితే మేమే కడుగుతాము. కావలసింది తాళంచెవి ఒక్కటే.

రంగులు అటకెక్కించిన మా మిత్రుడు ఈ సభకు వచ్చారు. పేరు చెప్పము. ఆయన కోసం నాలుగో కుర్చీ వేసే ఉంచుతాము. అటక మీది పెట్టె దించడానికి నిచ్చెన కావాలంటే అదీ మేమే తెస్తాము.