ఊరికే వచ్చేదాన్ని అమ్మే దగా



ఎండాకాలంలో ఊరి సెంటర్లో చలివేంద్రం పెడతారు. దాహం వేసినవాళ్లు నీళ్లు తాగి వెళ్తారు. ఎవరూ డబ్బు అడగరు. ఒకడు వచ్చి ఆ చలివేంద్రానికి తడిక అడ్డం కట్టి, "గ్లాసు పది రూపాయలు" అని బోర్డు పెట్టాడనుకోండి. ఊరికి కొత్తగా వచ్చినామెకి తడిక వెనకాల ఏముందో తెలియదు. పది రూపాయలు ఇచ్చి తాగుతుంది. కంప్యూటర్ల లోకంలో ఇలాంటి తడికలు చాలా ఉన్నాయి.

కంప్యూటరు ఒట్టి పెట్టె. దానికి పని చెప్పే రాతలు లోపల ఉండాలి. ఉత్తరం రాయాలంటే ఒక రాత, పాట వినాలంటే ఇంకో రాత. వాటినే సాఫ్ట్‌వేర్ అంటారు. కొన్నిటికి డబ్బు కట్టాలి. కొన్నిటిని మాత్రం తయారుచేసినవాళ్లు లోకానికి వదిలేశారు. ఎవరైనా వాడుకోవచ్చు. నకలు తీసి పక్కవాళ్లకి ఇవ్వచ్చు. లోపలి రాతను మార్చుకోవచ్చు కూడా. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఈ పనికి పూనుకున్నాడు.

ఉత్తరాలు, లెక్కలు రాసుకునే ఓపెన్ఆఫీస్ అలాంటిదే. దానిలోంచి 2010లో పుట్టింది లిబ్రెఆఫీస్. దాన్ని తెలుగులో కూడా వాడుకోవచ్చు. సినిమాలు చూసే విఎల్‌సి కూడా ఇదే కోవది. దాన్ని ఫ్రాన్సులో కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టారు. వీటికి కాణీ కట్టక్కర్లేదు.

ఇప్పుడు జర్మనీ దేశం సంగతి వినండి. 2010కి కాస్త అటూ ఇటూ జరిగింది. జనం ఇంటర్నెట్టులో "ఓపెన్ఆఫీస్" అని వెతికేవాళ్లు. ఒక పేజీ కనబడేది. అసలువాళ్లదే అనిపించేది. "పేరు, ఇంటి చిరునామా రాయండి, ఈ బటన్ నొక్కండి" అని ఉండేది. ఊరికే ఇచ్చేదానికి చిరునామా ఎందుకు? చాలామందికి ఆ అనుమానం రాలేదు. నొక్కేవాళ్లు. సాఫ్ట్‌వేర్ వచ్చేది. పనిచేసేది కూడా. కొన్నాళ్లకి ఇంటికి బిల్లు వచ్చేది. ఏడాదికి 96 యూరోలు, రెండేళ్లకి మీరు ఒప్పుకున్నారు అని! 96 యూరోలంటే అప్పటి లెక్కన ఆరు వేల రూపాయలకి దగ్గర. "మేం ఎప్పుడు ఒప్పుకున్నాం?" అని లబోదిబోమన్నారు. తీరా చూస్తే ఆ పేజీలోనే ఓ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ధర రాసి ఉంది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అది చదవలేదు.

కట్టకపోతే వకీలు నోటీసు. దాని వెనకే బాకీ వసూలుచేసే కంపెనీ ఉత్తరం. కోర్టు మాట వినగానే ఎంతోమంది భయపడి కట్టేశారు. ఇంకొకరికి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. ఆ భయం, ఆ సిగ్గే మోసగాడికి పెట్టుబడి. అక్కడి వినియోగదారుల కేంద్రాలు మాత్రం "కట్టకండి" అని ధైర్యం చెప్పాయి. చివరికి చట్టమే మారింది. 2012 ఆగస్టు 1 నుంచి జర్మనీలో, నొక్కే బటన్ మీదే డబ్బు కట్టాలన్న మాట స్పష్టంగా రాసి ఉండాలి. లేకపోతే కొన్నట్టు కాదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను అమ్మడం తప్పు కాదు. స్టాల్‌మన్ రాసిన షరతుల్లోనే నకలు ఇచ్చినందుకు డబ్బు తీసుకోవచ్చని ఉంది. ఇంటికొచ్చి ఎక్కించి, వాడడం నేర్పినవాడు కూలి అడిగితే ఇవ్వాల్సిందే. కష్టం కష్టమే. కానీ పేరు మార్చి, "ఇది మా సొంత సరుకు" అని చెప్పి, ఏడాదికేడాది లైసెన్సు డబ్బు గుంజితే అది దగా. కొందరు ఇంకా అన్యాయం. అందులో దొంగ రాతలు కలిపి ఇస్తారు. అవి కంప్యూటర్లో చేరి బ్యాంకు వివరాలు లాగుతాయి.

కుట్టుషాపు పెట్టుకున్న ఒకామె పాత కంప్యూటరు కొందనుకోండి. షాపతను బిల్లులో "ఆఫీసు సాఫ్ట్‌వేర్, 3 వేలు" అని వేశాడు. ఆమె ఏం అడగాలి? "అన్నా, దీని పేరేంటి? తయారుచేసింది ఎవరు? బిల్లులో ఆ పేరు రాసివ్వు" అనాలి. లిబ్రెఆఫీస్ అని తేలితే, "ఇది ఊరికే వస్తుంది కదా, ఎక్కించినందుకు కూలి ఎంతో చెప్పు" అనాలి. పేరు చెప్పడానికి నసిగితే అక్కడే ఆగిపోవాలి.

ఇంటర్నెట్టులోంచి తెచ్చుకునేటప్పుడు వెతకగానే పైన వచ్చేదాన్ని నొక్కకూడదు. అక్కడ ప్రకటనలు కూడా ఉంటాయి. లిబ్రెఆఫీస్‌కి లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్, విఎల్‌సికి వీడియోలాన్ డాట్ ఆర్గ్, ఇవీ అసలు చోట్లు. అక్కడ విరాళం అడుగుతారు. ఇస్తే ఇవ్వచ్చు, లేకపోతే లేదు. ఊరికే అని చెప్పి కార్డు నంబరు గానీ ఓటీపీ గానీ అడిగితే ఇవ్వకూడదు. ఫోన్లో ఆటోపేకి ఒప్పుకుంటే డబ్బు దానంతటదే పోతుంటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోట చూసి రద్దు చేసుకోవచ్చు.

మన దేశంలో కూడా 2023 నవంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది. చందా వలలు, చివర్లో బయటపెట్టే ధరలు కూడదని అందులో ఉంది. బిల్లు, తేదీ, కట్టిన సొమ్ము కాగితం మీద రాసి పెట్టుకుని 1915కి ఫోను చేయాలి. అది వినియోగదారుల సహాయ నంబరు. తెలుగులోనే మాట్లాడచ్చు. బ్యాంకులోంచి డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే 1930కి చెప్పాలి, బ్యాంకుకీ చెప్పాలి.