స్క్రూడ్రైవర్‌తో విన్నది, వినలేకపోయింది
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ఇంటర్ చదివి ఈ.ఎం.ఈ.లో చేరినవాణ్ణి. మా ఉస్తాద్ నేర్పిన విద్య ఒకటే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్ మీద, పిడి చెవి దగ్గర. గరగరమంటే బేరింగ్ పోయినట్టు. ఒక పోస్టులో ఎం.ఐ. రూము జనరేటర్‌ని అలాగే విని "ఠీక్ హై సాబ్" అనేశాను. నాలుగో రాత్రి ఆల్టర్నేటర్ బేరింగ్ పట్టేసింది. జ్వరంతో ఉన్న జవానుకు టార్చిలైటు వెలుగులో సెలైన్ ఎక్కించారు. సర్టిఫై చేసింది నేనే, ఇంకెవర్ని అనను?

రిటైరై ఫ్యాక్టరీలో చేరాక తెలిసింది ఆ రాత్రి నాకేం వినపడలేదో. సెట్టు నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు 25. హౌసింగ్‌కి సెన్సారు అంటించి, అదురుని ఎఫ్.ఎఫ్.టి. అనే లెక్కతో విడదీస్తారు. కూలీ, ట్యూకీ అనేవారు 1965లో ప్రచురించిన పద్ధతి అది. 25 దగ్గర గీత లేస్తే రోటర్ బ్యాలెన్స్ తప్పిందని, 50 దగ్గరైతే కప్లింగ్ వంకరని అనుమానం. డీజిల్ ఇంజను తన గీతలు తనూ వేస్తుంది, తొందరపడకూడదు.

బేరింగ్‌లో 9 గోళీలుండి బయటి రింగులో గుంట పడితే సెకనుకి సుమారు 90 దెబ్బలు. మొదట్లో అవి ఇంజను హోరులో మునిగిపోతాయి. కానీ ప్రతి దెబ్బకీ ఇనుము గంటలా మోగుతుంది, వేల హెర్ట్జ్‌లో. ఆ మోత మాత్రం వడకట్టి, సెకనుకెన్నిసార్లు వస్తుందో లెక్కపెడతారు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, సెట్టు కొత్తగా ఉన్నప్పుడే రీడింగు తీసి లాగ్‌బుక్‌లో రాయండి. తర్వాత పోల్చడానికి అదే దిక్కు. మిగతాది భోజనాల దగ్గర అడగండి, చెబుతాను.